వివరాల గడిలో రెండు మాటలు

మా ఆసుపత్రి నుంచి ఎక్స్‌రే బొమ్మల్ని కంప్యూటర్లో బెంగుళూరుకి పంపడం మొదలుపెట్టాక, అక్కడి డాక్టరుగారు కనిపెట్టిన మొట్టమొదటి క్షయ ఒక జడ.

నవ్వకండి. మందస నుంచి వచ్చిన కాలేజీ పిల్ల. నూనె రాసి బిగించి అల్లిన జడ, నా మణికట్టు లావున ఉంది. దాన్ని ఎత్తి ముడి వేసుకోమని చెప్పడం మరిచిపోయాను. బొమ్మలో కుడి ఊపిరితిత్తి పైభాగాన మెలికలు తిరిగిన తెల్లటి నీడ పడింది. క్షయ ఎక్కువగా కాపురం పెట్టేది సరిగ్గా అక్కడే. "క్షయ అనుమానం, కఫం పరీక్ష చేయించండి" అని సాయంత్రానికి జవాబొచ్చింది. పిల్ల తల్లి వరండాలో కూలబడి ఒకటే ఏడుపు. నాకెందుకో ఆ మెలికలు మరీ పద్ధతిగా ఉన్నాయనిపించింది. రోగానికి అంత పద్ధతి ఉండదు. పిల్లని మళ్ళీ నిలబెట్టి, జడ నెత్తిన చుట్టి, ఇంకో బొమ్మ తీశాను. ఊపిరితిత్తి శుభ్రంగా ఉంది.

తల్లి కళ్ళు తుడుచుకుని, "ఓలమ్మ, జడకి కూడా టీబీ వొస్తాదేటమ్మా?" అంది. నాకు నవ్వాగలేదు. ఇంటికెళ్ళాక మాత్రం, ఆ పిల్లకి రెండో బొమ్మ తీయకుండా ఆరునెలల మందు మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని అన్నం సయించలేదు.

నన్ను ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పోటోలమ్మ అంటారు. పలాస, టెక్కలి, ఉద్దానం తీరం ఊళ్ళ జనానికి ముప్పై ఏళ్ళ పైచిలుకు ఛాతీ ఎక్స్‌రేలు తీశాను. ఛాతీ బొమ్మకి మనిషి బొమ్మ పడే పలకకి ఎదురుగా నిలబడతాడు, మనం వీపు వైపు ఉంటాం. అంటే జనాన్ని వెనకనుంచి చూసి బతికినదాన్ని. పోయిన ఏడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇంక్రిమెంట్లు, బదిలీలు, సర్వీసు పుస్తకం గొడవలు ఇందులో ఉండవు. అవి మీకూ వస్తాయి, మీరే తిట్టుకోండి.

చూడని మనిషి

మా ఆసుపత్రిలో ఎక్స్‌రే యంత్రం ఉండేది, తీయడానికి నేనుండేదాన్ని. తీసిన బొమ్మని చదవగలిగే స్పెషలిస్టు మాత్రం నిలిచేవాడు కాదు. పోస్టు ఉండేది, మనిషి ఉండేవాడు కాదు. వచ్చినవాళ్ళు పలాస స్టేషన్లో దిగుతూనే విశాఖపట్నం వెళ్ళే బండి టైము కనుక్కునేవాళ్ళు. అందుకని బొమ్మల్ని దూరంగా ఉన్న డాక్టరుకి పంపి చదివించే ఏర్పాటు వచ్చింది. ఆయనది గుంటూరు వైపట, ఉండేది బెంగుళూరు. మేం "దూరం డాక్టరుగారు" అనేవాళ్ళం.

మొదట్లో పద్ధతి చూస్తే మీకు నవ్వొస్తుంది. ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించి, ఫోనుతో ఫోటో తీసి పంపేదాన్ని. ఒకరోజు ఆయన ఫోన్ చేశారు. "అమ్మా, ఈయన ఊపిరితిత్తిలో ఈకలాగా ఏదో ఉంది. నేనింతవరకూ ఎక్కడా చూడలేదు. ఏం పని చేస్తాడో కొంచెం అడుగుతారా?" అన్నారు, ఎంతో ఉత్సాహంగా. కిటికీ దగ్గరికెళ్ళి చూద్దును కదా, బయట కొబ్బరి మట్ట ఊగుతోంది. "కొబ్బరిచెట్టు సార్" అన్నాను. తరవాత ఇద్దరం ఆగకుండా నవ్వాం. మా స్నేహం అక్కడ మొదలైంది.

ఆ తరవాత ఫిల్ము పోయి, బొమ్మ నేరుగా కంప్యూటర్లో పడే పలక వచ్చింది. గాలి గట్టిగా వీస్తే నెట్ పోయేది. తుపాను హెచ్చరిక వస్తే గాలికంటే ముందే పోయేది. అయినా పని జరిగింది. క్షయ పైభాగాన్నే ఎందుకు ఎంచుకుంటుంది, ముసలివాళ్ళలో కిందికెందుకు దిగుతుంది, మానిన మచ్చకీ మండుతున్న మచ్చకీ తేడా ఏమిటి అని నేను అడుగుతూ పోయేదాన్ని. ఆయన ఒక్కరోజు కూడా "నీకెందుకు" అనలేదు. ఆయన ముఖం నేనెప్పుడూ చూడలేదు, ఆయన నా ముఖం చూడలేదు. నేను డాక్టర్ల దగ్గర నేర్చుకున్నదాంట్లో సగం ఆ గొంతు దగ్గర నేర్చుకున్నదే.

ఇప్పుడు కంప్యూటరే బొమ్మ చదివి అనుమానం ఎంతో చెప్పేస్తోందని మీరంటారు. మంచిదే. నేనుండగానే వచ్చి ఉంటే దాన్నీ ప్రశ్నలతో చంపేదాన్ని. కానీ ఒకటి గుర్తుంచుకోండి. దూరాన ఉన్నవాళ్ళకి మనం పంపేవి రెండే. ఒకటి బొమ్మ. రెండోది, బొమ్మ కింద "వివరాలు" అనే చిన్న గడిలో మనం కొట్టే మాటలు. బొమ్మ సంగతి ముందు చెబుతాను. ఆ గడి సంగతి తరవాత వస్తుంది, అది నాకు చెప్పుకోవడం కష్టం.

ఊపిరి పట్టించడం

"గట్టిగా ఊపిరి పీల్చి పట్టుకో" అంటే మన జనం భుజాలు ఎగరేసి, బుగ్గలు పూరించి, ఊపిరి మాత్రం వదిలేస్తారు. సగం నిండిన ఊపిరితిత్తిలో లేని రోగం కనిపిస్తుంది, ఉన్నది దాక్కుంటుంది. శిక్షణలో ఇది మీకు చెబుతారు. ఎలా పట్టించాలో చెప్పరు.

అక్కుపల్లి నుంచి వచ్చిన, సముద్రంలో చేపల వేటకెళ్ళేవాళ్ళకి, "అల మీద పడేముందు ఎలగ పడతావు, అలగ పట్టు బాబూ" అనేదాన్ని. అంతే, రాయిలా నిలబడేవాళ్ళు. పలాస జీడి కార్ఖానాల్లో పనిచేసే ఆడవాళ్ళకి, "జీడిపిక్కలు కాల్చినప్పుడు పొగొస్తే ఎలగ బిగపడతావు?" అంటే చాలు. ఎవరి పని వాళ్ళ ఊపిరిలోనే ఉంటుంది. అది అడిగి తెలుసుకున్నాక నాకు రెండోసారి తీయాల్సిన బొమ్మలు బాగా తగ్గాయి.

పుస్తెలతాడు తియ్యమని మాత్రం ఎవరితోనూ పేచీ పెట్టుకోకండి. వెనక్కి తోసి, మెడ పైకి లాగి, టేపు ముక్క అంటించండి. తీయమన్నానని ఒకావిడ మూడేళ్ళు నాతో మాట్లాడలేదు.

పెద్దాయన

మా పెద్ద డాక్టరుగారి మీద నాకు కోపం ఉండేది. ఏదైనా అడిగితే, "నీకెందుకమ్మా, ఫోటో తీసేవాళ్ళు ఫోటో తియ్యాలి" అనేవారు. ఎదుట రోగుల వరస గేటు దాకా ఉండేది, ఆయన ఒక్కరే. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనకి ప్రశ్న వినడానికి టైము లేదు, అంతే. చెడ్డవాడు కాదు. కానీ ఆ మాట పదిసార్లు విన్నాక నా నోరు మూతపడింది. పై అధికారి కసిరితే అడగడం మానేయకండి. ఇంకొకరిని అడగండి, లేదా ఆయన టీ తాగేటప్పుడు అడగండి. అడగందే అమ్మయినా పెట్టదు.

ఆ నోరు మూతపడటం ఎంతదూరం తీసుకెళ్ళిందో ఇప్పుడు చెబుతాను.

దాలమ్మ

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి బయటివాళ్ళకి చెప్పాలేమో గాని మాకు అక్కర్లేదు. ఇంటికొకరు. మా పిల్లలకి బళ్ళో చేరకముందే తెలిసే ఇంగ్లీషు మాట క్రియాటినిన్, కిడ్నీ ఎంత పాడైందో రక్తంలో చెప్పే లెక్క. దానివల్ల మా ఆసుపత్రిలో ఒక అలవాటు పుట్టింది. వజ్రపుకొత్తూరు వైపు నుంచి, కవిటి వైపు నుంచి ఎవరొచ్చినా, వివరాల గడిలో నేను రెండు మాటలు కొట్టేదాన్ని. "ఉద్దానం, కిడ్నీ." పని త్వరగా తెమిలేది. చాలాసార్లు నిజమే అయ్యేది కూడా.

దాలమ్మ అక్కుపల్లి దగ్గర ఊరి మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. భర్త నాలుగేళ్ళ కిందట డయాలసిస్ చేయించుకుంటూ పోయాడు. ఆమె పలాసలో జీడిపప్పు పొట్టు ఒలిచే పనికి వెళ్ళేది. ఒక్క కూతురు లచ్చిమి, లచ్చిమికి రెండేళ్ళ పాప. ముగ్గురూ ఒకే గదిలో ఉండేవాళ్ళు.

"ఏటయినాదమ్మా?" అన్నాను.

"ఒగర్పమ్మా. నాలుగడుగులు ఎయ్యలేకపోతన్నాను. మా ఇంటాయన కిడ్నీతోనే పోనాడు. నాకూ అదే వొచ్చీసినాది. సాయంత్రమయితే ఒళ్ళు కూడా ఎచ్చబడి..."

"గెడ్డం పైకెట్టు" అన్నాను.

ఆమె మాట ఆపి గడ్డం పైకెత్తింది. బొమ్మ తీశాను. గడిలో నా రెండు మాటలూ కొట్టాను. పంపేశాను.

బొమ్మలో ఎడమ ఊపిరితిత్తి అడుగున నీరు చేరి కనిపించింది. జవాబు ఇలా వచ్చింది: "ఎడమవైపు నీరు. కిడ్నీ జబ్బు ఉన్నందున దానివల్ల కావచ్చు. రక్తపరీక్షతో సరిచూసుకోగలరు." ఆ వారం మా ల్యాబులో ఆ పరీక్షకి మందు లేదు, వచ్చేవారం రమ్మన్నారు. పెద్దాయన నీరు దిగే మాత్రలు రాశారు. దాలమ్మ వచ్చేవారం రాలేదు, పని మానితే కూలి పోతుంది కదా.

ఇక్కడ నా తప్పు సూటిగా చెప్పాలి. జవాబు చదివినప్పుడే నాకో ప్రశ్న పుట్టింది. కిడ్నీ వల్ల వచ్చే నీరు చాలావరకు రెండువైపులా చేరుతుంది, గుండె కూడా ఉబ్బుతుంది. ఈమెకి ఎడమవైపు ఒక్కటే ఎందుకుంది? గుండె మామూలుగానే ఎందుకుంది? దూరం డాక్టరుగారు నేర్పిన సంగతే అది. ఫోన్ నా పక్కనే ఉంది. వరసలో జనం ఉన్నారు. నీకెందుకమ్మా అన్న మాట చెవిలో ఉంది. ఊరుకున్నాను.

మూడు వారాల తరవాత ఆమెని ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. పప్పు ఒలిచే బల్ల మీదే ఒరిగిపోయిందట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆ మాత్రలు ఒంట్లో ఉండాల్సిన నీరు తోడేశాయి, ఊపిరితిత్తి చుట్టూ ఉన్న నీరు మాత్రం సగం పైకి ఎక్కింది. పలక ముందు నిలబెట్టడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. వీపు మీద ఎముకలు లెక్కపెట్టొచ్చు. కిడ్నీ నీరు పట్టిన మనిషి ఉబ్బుతుంది, ఇలా ఎండిపోదు.

"ఎవరు చెప్పారు?"

ఈసారి బొమ్మ పంపి ఊరుకోలేదు, ఫోన్ చేశాను. నా ప్రశ్న అడిగాను. ఆయన రెండు బొమ్మలూ పక్కపక్కన తెరిచినట్టున్నారు.

"క్రియాటినిన్ ఎంతుంది?"

"చెయ్యలేదు సార్."

"మరి కిడ్నీ పేషెంటని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. ఊరిపేరు చూసి నేనే రాశాను."

"ఒక్కవైపే ఎందుకన్న సందేహం మీకెప్పుడొచ్చింది?"

అబద్ధం ఆడొచ్చు. ఆడలేకపోయాను. "మొదటిరోజే సార్" అన్నాను.

ఆయన కోప్పడితే బాగుండేది. "తప్పు మీ ఒక్కరిదీ కాదమ్మా. అది నేనూ అడగాల్సింది. మీ రెండు మాటలూ చదివేశాక నేను బొమ్మని సగమే చూశాను. ఒక్కవైపే నీరంటే ముందు క్షయ చూడాలి, నీరు తీయించి కఫం పరీక్షకి పంపించండి" అన్నారు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఇక్కడ ఆ కళ్ళద్దాలు నేను తీసుకెళ్ళి ఆయనకి పెట్టాను.

పెద్దాయన గదికి వెళ్ళాను. "రిపోర్టులు చదవడం కూడా నీ పనేనా?" అన్నారు. "కాద్సార్. కానీ ఈవిడకి కిడ్నీ ఉందని రాసింది నేనే, ఆవిడ చెప్పిన జ్వరం రాయనిదీ నేనే" అన్నాను. ఆయన నావైపు చూసి, కుర్చీ వెనక్కి తోసి, వరసని అలాగే వదిలేసి వార్డుకి నడిచారు. తనే సూది పెట్టి నీరు తీశారు. కఫం పరీక్షకి పంపించారు. రక్తపరీక్ష బయట చేయించారు. కఫంలో క్షయ దొరికింది. రక్తం కాగితం చూసి ఆయన, "దాలమ్మ కిడ్నీలు మనిద్దరి కిడ్నీలకంటే బాగున్నాయమ్మా" అన్నారు. నవ్వబోయి ఇద్దరం నవ్వలేదు.

ఆ ఆదివారం మందిరంలో కళ్ళు మూసుకున్నా నాకు ప్రార్థన రాలేదు. ఆ బల్ల చుట్టూ కూర్చుని ఆమెతోపాటు పప్పు ఒలిచిన ఆడవాళ్ళే కళ్ళలో మెదిలారు. వాళ్ళందరికీ తరవాత బొమ్మలు తీశాం. ఇంకొకామెకి బయటపడింది. ఆమెకి ఆ మూడు వారాల్లోనే అంటిందో అంతకుముందే అంటిందో ఎవరూ చెప్పలేరు. నేను మాత్రం అడక్కుండా ఉండలేను.

కవరు

దాలమ్మకి మందు మొదలుపెట్టిన నాలుగోరోజు ముక్కుకి మాస్కు కట్టుకుని ఆమె మంచం దగ్గరికి వెళ్ళాను.

"నీ కిడ్నీలు మంచివేనమ్మా. నీకున్నాది టీబీ. మందులు మానకుండా మింగితే తగ్గిపోతాది. ఆలీసం అయినాదంటే నా వల్లే. నువ్వు జొరం అంటే నేను రాయనేదు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఆమె పైకప్పు వైపు చూసింది.

"నన్ను అడగనేదు, సరే. మా ఇంటాయన్ని ఎవలైనా అడిగినారా? ఆయనా దగ్గీవోడు."

నేను స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

"ఆయన పోటో ఇంట్లో ఉన్నాది. లచ్చిమి సేత తెప్పిస్తాను. సూస్తావా?"

మర్నాడు లచ్చిమి పాపని చంకనేసుకుని, గుడ్డలో చుట్టిన ఎక్స్‌రే ఫిల్ము పట్టుకొచ్చింది. ఫిల్ములు జనం చేతికిచ్చే రోజుల్లోది. "పెళ్ళి పోటో తుపానుకి తడిసిపోనాదమ్మా. మా అయ్యది మిగిలింది ఇదొక్కటే. అందుకే అమ్మ పారీనేదు" అంది. కంప్యూటరు గడి రాకముందు వివరాలు కవరు మీదే రాసేవాళ్ళం; పాతబడిన ఆ కవరు మీద చేతిరాత నాదే. "ఉద్దానం, కిడ్నీ."

ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టాను. కుడివైపు, పైభాగాన, తెల్లటి నీడ.

ఆయనకి జడ లేదు.

దాన్ని ఫోటో తీసి దూరం డాక్టరుగారికి పంపాను. వివరాల గడి ఖాళీగా వదిలేశాను. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "పైన నీడ ఉంది. క్షయ కావచ్చు. ఈ ఒక్క ఫిల్ముతో ఖాయంగా చెప్పలేను. దగ్గుండేదా? ఎన్నాళ్ళు?"

"ఆయన లేరు సార్. నాలుగేళ్ళయింది."

"ఇంట్లోవాళ్ళు ఉన్నారా? వాళ్ళని అడగండి. పిల్లలుంటే ముందు వాళ్ళని చూడండి."

లచ్చిమినీ పాపనీ అక్కడికక్కడే నిలబెట్టాను. పాప ఏడుస్తుంటే లచ్చిమి దాన్ని పలకకి ఆనించి పట్టుకుంది. ఇద్దరివీ శుభ్రంగా వచ్చాయి. పాపకి ముందుజాగ్రత్త మాత్రలు ఇచ్చారు. ఆ పాప ఇప్పుడు అంగన్వాడీకి వెళుతోంది. దాలమ్మ ఆరునెలలూ మాత్రలు మింగి, మళ్ళీ పప్పు ఒలుస్తోంది. నేను రిటైరయ్యేదాకా "ఉద్దానం, కిడ్నీ" అని ఇంకెప్పుడూ కొట్టలేదు. ముందు మనిషిని మాట్లాడనిచ్చి, ఆ తరవాతే గడ్డం పైకెత్తమనేదాన్ని. వరస కొంచెం మెల్లగా కదిలేది. పెద్దాయన ఒక్కసారి కూడా ఏమీ అనలేదు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ రోజు సాయంత్రం సంగతి. ఫిల్ము పట్టుకుని దాలమ్మ మంచం దగ్గరికి వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయనకి కిడ్నీ జబ్బు ఉన్నమాట నిజం. దానికితోడు ఇది కూడా ఉందేమో. ఉంటే మందు ఉండేది. ఇప్పుడిక తెలుసుకునే దారి లేదు.

"అప్పుడు అడిగుంటే తెలిసీదమ్మా" అన్నాను.

ఆమె ఫిల్మును ఒళ్ళో పెట్టుకుంది. చీరకొంగుతో దాని మీది దుమ్ము తుడిచింది.

"మరి ఇప్పుడడుగు" అంది.

"ఏటి?"

"అప్పుడడగాల్సిందే. అడుగు, సెప్తాను."

జేబులోంచి ఎక్స్‌రే చీటీ తీశాను. మంచం అంచున కూర్చుని, పైన ఆయన పేరు రాశాను.

"దగ్గు ఎన్నాళ్ళ నుంచి ఉండీది?"

"దసరాకి ముందునుంచి. ముందు పొడిదగ్గే. పొద్దున్న లేస్తే సాప తడిసిపోయీది సెమటకి. కొబ్బరిసెట్టు ఎక్కడం మానీసినాడు. ఎంత సిక్కిపోనాడంటే, మొలతాడు జారిపోతంటే రెండుసార్లు బిగించినానమ్మా నేను..."

గడి నిండిపోయింది. చీటీ వెనక్కి తిప్పి రాస్తున్నాను. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.